గుండెకు కొట్టిన గండి

అయినా బిడ్డ పెదవులు నేరేడు పండు తిన్నట్టే ఉన్నాయి కదా, ఇది నేరేడు పళ్ల కాలం కూడా కాదు, తిన్నదేమో అని మనసును మభ్యపెట్టుకోవడానికైనా లేదు, అనుకుంటూ పండరి బీర్కూర్ నుంచి వచ్చిన బస్సు దిగి, కూతురి కోసం చెయ్యి చాచాడు, ప్రసన్న ఆ చెయ్యి పట్టుకోకుండానే దిగింది, గట్ల సూస్తున్నవేంది బాపు అంది, ఏం లేదు బిడ్డా అన్నాడు, ఏం లేకపోవడమేమిటి, హైదరాబాదులో ఆపరేషనై నెల దాటినా ఆ నీలం పోనేలేదు, నోరు తెరిచి అడిగితే చెడును పిలిచినట్టవుతుందని అడగనూ లేదు, ఎల్లమ్మ తల్లికి పసుపు గుడ్డలో కొబ్బరికాయ చుట్టి ముడుపు కట్టాడు, నా బిడ్డ పెదవుల మీది నీలం పోవాలె తల్లీ అని రోజూ పొద్దున్నే దాని ముందు చేతులు జోడిస్తున్నాడు, తల్లి పలకడం లేదు, ఇవాళ బాన్సువాడ డాక్టరు ఏమంటాడో, ఆయన దవాఖాన మేడ మీద, ఆ మెట్లంటేనే పండరికి భయం, పోయిన ఎండాకాలం అక్కడే, సగంలో, బాపూ కండ్లు మసకైతున్నయ్ అని గోడ పట్టుకుని జారిపోయింది పిల్ల, నాటు వేస్తే వెనక్కి తిరిగి చూడని పిల్ల.

ఊపిరితిత్తుల్లోకి పోయే రక్తనాళాలు సన్నబడ్డాయట, గుండె కుడిపక్క ఎంత నెట్టినా రక్తం ముందుకు పోదట, మందులన్నీ వాడి చూశాక హైదరాబాదు డాక్టరమ్మ యశస్వి బొమ్మ గీసి మరీ చెప్పింది, రోగం పోదు, భారం తగ్గిస్తాం, గుండె పై గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేస్తాం అంది, పండరికి చెవులు గింగురుమన్నాయి, బసవయ్య బావ మనవడికి గుండెలో రంధ్రముందని అదే హైదరాబాదులో పూడ్పించుకొచ్చి ఊరందరికీ దావత్ ఇచ్చారు, ఈమేమో నిక్షేపంలాంటి గోడకు చిల్లు పెడతానంటోంది, రంధ్రముంటె పూడుస్తరు గని సేసుడేంది మేడం, ఉల్టా సదివినవా ఏంది అని విసురుగా బయటికి వెళ్లి కూర్చున్నాడు, లోపల ఆమె ఇంకా ఏమేమి చెప్పిందో వినలేదు, నా గుండె, నేనే సంతకం పెడ్త అని ప్రసన్నే పెట్టింది, తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగ పంపి, గోడను పొడిచి, బుడగ ఊది ఆ కన్నాన్ని సరిపడా పెద్దది చేశారట, అంతసేపూ గుండె కొట్టుకుంటూనే ఉందట, నాగలి కదులుతుంటే కర్రు మార్చినట్టు, మనుషులేనా వాళ్లు.

మెట్లొచ్చాయి, ప్రసన్న ముందు, రెండు చేతులూ చాపి వెనక పండరి, తప్పటడుగులేసేటప్పుడు దాని వెనక ఇలాగే నడిచాడు, అదిగో ఆ పెచ్చులూడిన గోడ, అక్కడే, సరిగ్గా అక్కడే ఆగింది పిల్ల, అయిపోయింది, తల్లీ ఎల్లమ్మా, పండరి ఇంకో మెట్టెక్కి దగ్గరికొచ్చాడు, ప్రసన్న జారిన చున్నీ భుజాన వేసుకుంది, వేసుకుని మళ్లీ ఎక్కింది, మెల్లగా, ఆయాసపడుతూ, ఎక్కింది, పైనున్న బల్ల మీద కూలబడి ఎగశ్వాస దిగశ్వాసల మధ్య నవ్వింది, పెదవులు మునుపటికన్నా నల్లబడ్డాయి, ఇక ఆపుకోలేక అడిగేశాడు, బిడ్డా, గా నీలం ఇంక పోకపాయె.

పోవద్దు బాపు, మేడం జెప్పినప్పుడు నువ్వు అలిగి బయట గూసుంటివి, కొంచెం చెడ్డ నెత్తురు గా రంధ్రంలకెల్లి మంచి నెత్తుర్లకు దాటుతది, గందుకే నీలం, గుండె మీద జోరు తగ్గింది, గందుకే పడిపోతలేను, ఎన్నేండ్లని నన్నడగకు, మేడం గూడ జెప్పలే, గని రంధ్రం దానంతటదే పూడుకపోతె మల్ల మొదటికొస్తది, అని ప్రసన్న పెదవులు తుడుచుకుంది, పండరి ఆ పెదవులనే చూస్తూ నిలబడ్డాడు, నిజాంసాగర్ కాలువ నీళ్లు మడిలో పొంగి ఒడ్డు తెగేలా ఉంటే తను చేసేదేమిటి, ఒక మూల పారతో గండి కొడతాడు, నిన్న చల్లిన యూరియా నీళ్లతో పాటు పక్కవాడి మడిలోకి పోతుంటే కడుపు తరుక్కుపోతుంది, పోనీ, ఒడ్డు నిలుస్తుంది, పైరు నిలుస్తుంది, ఆ డాక్టరమ్మ తన బిడ్డ గుండె లోపల, అది కొట్టుకుంటుండగా, ఆ పనే చేసింది, ఆ తల్లి చేతులకు దండం పెట్టాలి, ఇన్నాళ్లూ తను మొక్కిందేమిటి మరి, ఆ గండి పూడిపోవాలనేనా, నా నోరు పడ, ఎల్లమ్మ పలకకపోవడమే మేలైంది, ఇంటికి పోగానే కాళ్లు కడుక్కుని ఆ ముడుపు విప్పాలి, కొత్త పసుపు గుడ్డలో మళ్లీ కట్టాలి, తల్లీ, తెలువక మొక్కిన, నా బిడ్డ పెదవుల మీది నీలం పోనియ్యకు.