తాళం మీద ఫోటో

భీంరావుకు ఓపిక పుట్టుకతోనే రాలేదు. చాయ్ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే మనిషి. అలాంటివాడు బాన్సువాడ శివారులోని తన రైస్ మిల్లుకు కొత్త ప్యానెల్ బోర్డు పెట్టించడానికి ఏరికోరి షబ్బీర్‌ను పిలిచాడు. షబ్బీర్ బిగించిన బోర్డు ఇరవై ఏళ్లయినా కాలిపోదని చుట్టుపక్కల పేరు. ఆ పేరుతోపాటు ఆయన చాదస్తం కూడా వెంట వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చాదస్తం మొదటిరోజే బయటపడింది. ప్యానెల్ గది మిల్లు లోపల ఉంది. కరెంటు వచ్చే మెయిన్ స్విచ్చేమో బయట, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రేకుల కింద ఉంది. మధ్యలో గోడలు, వడ్ల బస్తాలు. అక్కడ నిలబడితే లోపల ఎవరున్నారో కనపడదు. షబ్బీర్ వస్తూనే ఆ స్విచ్చు దించి, ఎర్ర తాళం వేసి, దానికో అట్ట వేలాడదీశాడు. అట్ట మీద తన ఫోటో, కింద 'నేను లోపల పని చేస్తున్నాను, స్విచ్చు వేయవద్దు' అని పెద్ద అక్షరాలు. తాళంచెవి మెడలో తాయెత్తు పక్కన కట్టుకున్నాడు.

"ఫోటో ఎందుకు షబ్బీర్ భాయ్, ఎలక్షన్ల నిలబడుతున్నవా?" అన్నాడు భీంరావు.

"ఉత్త అక్షరాలుంటే ఎవ్వరు సదువరు సేట్. మొఖం జూస్తే ఎవని పాణమో యాదికొస్తది."

"సరే, రెండో చెవి నాకియ్యి."

"రెండోది లేదు. నేను బయటికొచ్చినంక నేనే తీస్త. గంతే."

తన మిల్లులో తన స్విచ్చుకు తన దగ్గర చెవి లేదు. ఈ సంగతి భీంరావును మూడు రోజులు తిన్నగా నిద్రపోనివ్వలేదు. బామ్మర్ది వెంకటేశం దానికి ఇంకాస్త ఉప్పూకారం చల్లాడు.

"మనకాడ ఎప్పుడన్న తాళాలేసినమా బావా? 'ఏస్తున్న' అని బయటినుంచి ఒక కేక, 'ఏయ్' అని లోపటినుంచి ఒక కేక. అయిపాయె."

వెంకటేశానికి ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. ఆ కేకల పద్ధతిలోనే పోయింది. అది మాత్రం ఎవరికీ చెప్పడు.

గురువారం పదీ నలభైకి కొత్త బోర్డుకు కరెంటు ఇచ్చే ముహూర్తం. పన్నెండు నిమిషాలే మంచి ఘడియ అని పంతులు గట్టిగా చెప్పాడు. పాత బోర్డు మంచిరోజు చూడకుండా పెట్టినందుకే కాలిపోయిందని భీంరావు నమ్మకం. తీగలు కుళ్లి కాలిందని షబ్బీర్ ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. ఈసారి చుట్టాలను పిలిచాడు, షామియానా వేయించాడు, పాటల డబ్బా పెట్టించాడు.

ఆరోజు పొద్దున తొమ్మిదింటికి షబ్బీర్ ఆఖరి పరీక్ష మొదలుపెట్టాడు. కరెంటు ఎక్కడైనా కారిపోతుందేమో చూసే మెగ్గర్ తగిలించి తిప్పాడు. ముల్లు దబ్బున కింద పడింది.

"నిన్న పొద్దుమూకి మంచిగుండె. దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

 షబ్బీర్ బోర్డు వెనక తలుపు విప్పాడు. గుప్పున కొబ్బరినీళ్ల వాసన. రాగిపట్టీల మీద తడి, తడి మీద కుంకుమ, కుంకుమ మీద అక్షింతలు. అందరి కళ్లూ ఒక్కసారిగా భీంరావు తల్లి గంగమణి మీదికి వెళ్లాయి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, రెప్ప కూడా వేయలేదు.

"నేనే. పొద్దుగాల్ల కొబ్బరికాయ గొట్టి, మీద సందులున్నయ్ గద, అండ్లకెళ్లి పోసిన. కొత్తగ పనిజేసేటిది, కడుపు సల్లగుండాలె గద!"

షబ్బీర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "అవ్వా, దీని కడుపుల నీళ్లు పడితే సల్లగుండది. పటాకి పేలినట్టు పేలుతది. కరెంటియ్యకముందే జూసిన, అల్లా దయ."

"ఒక్క కాయనే గద కొడుకా, రెండు కొట్టలే."

ఇక తుడవడం మొదలైంది. భీంరావు భార్య భాగ్య జుట్టు ఆరబెట్టుకునే గాలిమిషను తెచ్చి ఇచ్చింది. ఇంటి లైను నుంచి దానికి వైరు లాగారు. షబ్బీర్ చెప్పులు గుమ్మం బయట విడిచి, రబ్బరు బూట్లు తొడుక్కుని, ఊక దుమ్ము పడకుండా తలుపు దగ్గరకు వేసుకుని పనిలో దిగాడు. దిగేముందు గంగమణికి దండం పెట్టాడు.

"అవ్వా, లోపట ఏం ముట్టకు. బయట మెయిన్ స్విచ్చు డబ్బ మూసే ఉంది. ఆడ బొట్టు పెట్టుకో, పూలు పెట్టుకో, నీ ఇష్టం. నీళ్లొక్కటి వద్దు."

గాలిమిషను గుర్రుమంటూనే ఉంది. భీంరావు చేతిగడియారం చూసుకున్నాడు, గోడగడియారం చూశాడు, పక్కవాడి ఫోనూ చూశాడు. మూడూ ఒకటే టైము చూపిస్తున్నందుకు మూడింటి మీదా కోపం వచ్చింది. పదీ నలభై అయ్యింది. సరిగ్గా అప్పుడే గుర్రు ఆగింది. వెంకటేశం వెళ్లి చూసి పరుగున వచ్చాడు.

"పని అయిపోయింది బావా. గుమ్మంల చెప్పులు లేవు. చాయ్ తాగనీకి పోయిండు. చెవి మెడల ఏసుకొనే పోయిండు!"

భీంరావు దూరం నుంచే రెండు కేకలు వేశాడు. పాటల డబ్బా హోరులో తన కేక తనకే వినపడలేదు. జవాబు రాలేదు.

"ఇంక ఏం జూస్తవ్ బావా? ఎనిమిది నిమిషాలే ఉంది."

స్టోరు గదిలో ఇనుప చువ్వలు కత్తిరించే పెద్ద కట్టర్ ఉంది. భీంరావు దాన్ని తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఒక్కడే ఉరికాడు. అతని కళ్లకు తాళం తప్ప ఏదీ కనపడలేదు. కట్టర్ నోట్లో తాళం కొక్కెం ఇరికించి పళ్లు బిగబట్టి నొక్కాడు. తాళం గట్టిది, తెగలేదు. పట్టు సరిచేసుకుందామని అడ్డం వచ్చిన అట్టను పక్కకు జరిపాడు.

షబ్బీర్ ఫోటోకు బంతిపూల దండ ఉంది. నుదుటి మీద గుండ్రంగా కుంకుమబొట్టు. ముందు రెండు ఊదుబత్తులు పొగలు కక్కుతున్నాయి. వాటి వెనకనుంచి షబ్బీర్ మర్యాదగా నవ్వుతున్నాడు.

భీంరావు కట్టర్ దించాడు. ఇంట్లో నడిగదిలో అతని తండ్రి ఫోటో అచ్చంగా ఇలాగే ఉంటుంది. అవే పూలు, అదే బొట్టు. షబ్బీర్ భాయ్ ఎప్పుడు పోయాడు, అనుకున్నాడు ముందు. ఇంకా పోలేదు కదా, అనుకున్నాడు తర్వాత. ఇప్పుడు లోపల ఉంటే? ఆ ఆలోచన రాగానే కట్టర్‌ను బస్తాల సందులోకి విసిరి, పంచె ఎగగట్టి పరుగెత్తాడు.

ప్యానెల్ గది తలుపు తోశాడు. షబ్బీర్ రెండు చేతులూ మోచేతుల దాకా రాగిపట్టీల మధ్య పెట్టి, గుడ్డతో తుడుస్తూ, ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు.

"ఒక్క మూల మిగిలింది సేట్. మిషను గాలి ఆడికి అందుతలేదు. ముహూర్తం అయిపాయెనా ఏంది?"

భీంరావు పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు. 

"పోనీ తియ్యి భాయ్. నీకెంతసేపు గావాలెనో అంతసేపు జేస్కో."

ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. మూడు నిమిషాలే ఉందని అరుస్తూ వచ్చిన పంతులు, భీంరావు మొహం చూసి వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ముహూర్తం పోయింది. చుట్టాలు తిని పోయారు. మధ్యాహ్నం రాహుకాలం నడుస్తుండగా మెగ్గర్ ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది. షబ్బీర్ తలుపులన్నీ బిగించి బయటికి వచ్చి చెప్పుల కోసం వెతికాడు.

"నేనే ఎనకకు పెట్టిన," అంది గంగమణి. "సుట్టాలొస్తుంటె గుమ్మంల చెప్పులేంది?"

అందరూ మెయిన్ స్విచ్చు దగ్గరికి వెళ్లారు. షబ్బీర్ తన ఫోటోను చూసి నిలబడిపోయాడు.

"అవ్వా, నన్నెప్పుడు సంపినవే?"

"సంపుడేంది కొడుకా! నువ్వే గదా పూలు పెట్టుకోమన్నవ్. ఫోటో ఉంటే దండ ఎయ్యకుంట ఎట్లుంటరు?"

అందరూ పగలబడి నవ్వారు. షబ్బీరూ నవ్వుతూనే మెడలోంచి చెవి తీసి తాళం పట్టుకున్నాడు. బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. కొక్కెం మీద రెండు కొత్త గాట్లు. నవ్వు ఆగిపోయింది. గాట్ల మీద వేలు ఇటూ అటూ తిప్పి, అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. వెంకటేశం ఆకాశంలో మబ్బులు చూసుకుంటున్నాడు.

భీంరావు ముందుకు వచ్చాడు. ఫోటోకున్న దండ తీశాడు. రెండు చేతులతో పట్టుకుని షబ్బీర్ మెడలో వేశాడు.

"ఫోటోకు గాదు భాయ్, నీకు," అన్నాడు. 

షబ్బీర్ తాళం తీసి, అందరినీ దూరం జరగమని, రబ్బరు తొడుగులు వేసుకుని స్విచ్చు ఎత్తాడు. లోపలికి వెళ్లి ఒక్కో మోటరుకూ కరెంటు ఇచ్చాడు. మిల్లు మెల్లగా కదిలి హోరెత్తింది. గంగమణి చేతులు జోడించింది. షబ్బీర్ దండ సర్దుకుని భీంరావు దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"దండ మంచిగున్నది సేట్. గా కట్టర్ ఏడ దాచినవ్?"

భీంరావు బస్తాల సందులో చెయ్యి పెట్టి దాన్ని తీసి, తనే షబ్బీర్ సామాను సంచిలో వేశాడు.