కోడలి చేతిలో మీట

ఊరంతటికీ కరెంటు తెచ్చిన ఇంజనీరమ్మ ఇంట్లో మాత్రం కిరసనాయిలు దీపమే వెలిగేది. దానికి కారణం ఆవిడ అత్తగారు.

కొండమీది జలాశయం నుంచి ఊరిదాకా ఏ స్తంభం ఎక్కడ నాటాలో, తీగ ఎంత లావుండాలో లెక్కగట్టింది కోడలే. కరెంటాఫీసులో ఇంజనీరు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషీ ఆవిడే. అత్తగారు ఎదురుపడ్డవాళ్ళకల్లా ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేది. ఇంట్లోకి కరెంటు అంటే మాత్రం కస్సుమనేది.

"కంటికి కనపడదు, ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకోను తల్లీ!"

"మీరు ఊఁ అన్న రోజునే పెట్టిద్దాం లెండి అత్తయ్యా," అని కోడలు నవ్వేసేది.

ఒకరోజు పొద్దున్నే లైను తెగిందని కబురొస్తే, కోడలు హడావిడిలో కళ్ళజోడు మర్చిపోయి పరుగెత్తింది. అత్తగారు దాన్ని పట్టుకుని సబ్‌స్టేషనుకు వెళ్ళేసరికి లోపల పెద్దాఫీసరు కేకలేస్తున్నాడు.

"మిల్లువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు! తీగ బాగైందిగా, లైను ఇచ్చెయ్యండి."

"స్తంభాలెక్కింది ముగ్గురండీ," అంది కోడలు. "ఇద్దరే తిరిగొచ్చారు."

"మూడోవాడు ఇంటికెళ్ళుంటాడు."

"వెళ్ళుండొచ్చు. నా ఎదురుగా నిలబడేదాకా మీట వెయ్యను. ఉద్యోగం ఊడినా సరే."

ఆఫీసరు తనే ముందుకు అడుగేశాడు. కోడలు మీటకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించి, అడ్డంగా నిలబడింది. గేటు దగ్గర నుంచి అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

పావుగంటకి మూడో లైన్‌మన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "చివరి స్తంభం మీద తీగని పట్టి ఉంచే పింగాణీ బుడిపె కూడా పగిలుందమ్మా. ఇప్పటిదాకా పైనే ఉండి మార్చి వచ్చా."

ఆఫీసరు ముఖాన నెత్తురు చుక్క లేదు. కోడలు లైన్‌మన్‌కి మంచినీళ్ళిచ్చి, అతను తాగాక మీట వేసింది.

ఆ సాయంత్రం అత్తగారు చాలాసేపు గునిసి, చివరికి అడిగేసింది.

"అమ్మాయ్, నా కుట్టుమిషను మీద ఒక్క బల్బు పెట్టిస్తావా?"

"భయం పోయిందా అత్తయ్యా?"

"అదెక్కడ పోతుందీ! కాకపోతే దానికి కాపలా ఎవరో ఇవాళ కళ్ళారా చూశా."

రెండోరోజే బల్బు వచ్చింది. కోడలు స్విచ్చి వెయ్యగానే గది పట్టపగల్లా అయింది. అత్తగారు నోరు తెరుచుకుని నాలుగు గోడలూ చూసి, బుగ్గలు నొక్కుకుంది.

"ఓసి నా తల్లో! ఇన్నాళ్ళూ ఇంత బూజులోనా మనం కాపురం చేసింది! లే, ఆ చీపురందుకో!"