మఫ్లరు కింద

ఈ మలుపు దగ్గర కూత వెయ్యాలి, వెయ్యడేమిటి వీడు, ఆఁ వేశాడు, కాస్త ఆలస్యమే కానీ వేశాడు, ఇంజన్లో ఉన్న ధనుంజయ్ చెయ్యి ఎప్పుడూ అంతే, అనుకుంటూ తాతాజీ బోగీలో కిటికీ పక్కన కూర్చుని తన చేతిలో లేని బండిని నడిపిస్తూనే ఉన్నాడు, కోరాపుట్ నుంచి రాయగడకి ఇన్నేళ్లు ఇంజను నడిపినవాడికి ప్రయాణికుడిగా కూర్చోవడం చేతకాదు, కుడిచెయ్యి బ్రేకు కోసం వెతుక్కుంటుంది, ఎడమచెయ్యి మాత్రం మఫ్లరు కిందికి పోతుంది, దవడకి కాస్త దిగువన, అదిగో, ఉంది, చింతగింజంత గడ్డ, నిన్నెక్కడుందో అక్కడే ఉంది, కదలదు, నొప్పి పెట్టదు, నొప్పి పెడితే బావుణ్ణు, అబ్బా అని నోరు జారేది, చెప్పే పని తప్పేది, ఎదురుగా వరహాలమ్మ చూస్తోంది, చెయ్యి తీసేశాడు, సలేస్తందేటండీ అంది, తలూపాడు, ఈ ఎండలో చలేమిటని ఆవిడ అడగలేదు, భార్య అలా నమ్మెయ్యడమే అతనికి చెంపదెబ్బలా తగిలింది.

విశాఖలో డాక్టరు ఉన్నదున్నట్టే చెప్పాడు, నిరుడు కరెంటు, అదే రేడియేషను, పెట్టినా గొంతులో కేన్సరు తిరగబెట్టింది, ఇక స్వరపేటిక తీసెయ్యడమే, ఊపిరి మెడకి పెట్టే కన్నంలోంచి, మాట పోతుంది, మెడలో గ్రంథులు మాత్రం స్కానింగులో శుభ్రంగా ఉన్నాయి, కరెంటు తిన్న మెడ కోస్తే మానడానికి మొరాయిస్తుంది, భుజం నీరసపడుతుంది, అంచేత వాటి జోలికి పోను, కానీ ఆపరేషన్లోగా అక్కడ ఏది తగిలినా ముందే చెప్పాలి, అప్పుడు వాటినీ తీసెయ్యాల్సిందే అని, ఆనాటి నుంచీ వరహాలమ్మ పొద్దున గంజి ఇస్తూ మెడకాడ ఏటైనా తగుల్తందేటండీ అని అడగడం, ఏటీ నేదని ఇతను చెయ్యి ఊపడం, మొదట్లో అది నిజమే, తరవాత్తరవాత అబద్ధం, చెయ్యి మాత్రం ఒకేలా ఊగింది.

భయమా అంటే భయం కాదు, భయమైతే కాస్త పరువైనా దక్కేది, ఇది సిగ్గు, ఒట్టి సిగ్గు, సిక్కోలు పక్క పుట్టిన మనిషి వరహాలమ్మ, వాళ్లమ్మ దగ్గర నేర్చిన అడ్డపొగ, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అంట్లు తోముతూ కూడా కాల్చేది, అతనికి కరెంటు మొదలుపెట్టిన రోజున చుట్టల కట్ట తెచ్చి నీళ్లపొయ్యిలో పడేసి, మీరొక్కరే మానీనేరు, నానూ మానేత్తాను అంది, మళ్లీ ముట్టలేదు, లవంగం బుగ్గన పెట్టుకుని రోజులు నెట్టింది, అతనూ మానాడు, మానినట్టే మానాడు, జబ్బు చేశాక ఇచ్చిన తేలిక డ్యూటీలో లక్ష్మీపూర్ వెళ్లినప్పుడు గోదాము వెనక ఒక్కటంటే ఒక్కటి అనుకున్నాడు, చుట్ట ఏనాడు ఒక్కదానితో ఆగింది గనక, యాలక్కాయ నమిలి ఇంటికొచ్చేవాడు, ఆవిడ బుగ్గన లవంగం, ఈయన నోట్లో యాలక్కాయ, ఇప్పుడు గడ్డ ఉందంటే చుట్ట సంగతీ చెప్పాలి, చుట్ట బయటపడకుండా మెడని తాకట్టు పెట్టుకున్నవాణ్ణి ఏమనాలి, రేపు విశాఖలో ఆపరేషనుకి ముందు డాక్టరు వేళ్లకి ఎలాగూ తగులుతుంది, అప్పుడావిడ పక్కనే నిలబడి ఉంటుంది, పరాయి నోట వింటుంది.

పొద్దున కోరాపుట్‌లో బండి ఎక్కుతుంటే ధనుంజయ్ ఇంజను దిగొచ్చి కాళ్లకి దండం పెట్టాడు, మీరు నేర్పిందే సార్, సిగ్నలు సూస్తే పైకి సెప్తన్నాను, పక్కోడి సేత తిరిగి సెప్పిస్తన్నాను అన్నాడు, ఆ దండం కాళ్లని కాల్చింది, కొత్తలో వీడే పసుపు సిగ్నలు చూసి నోరు మెదపకుండా, సూసేను గదా సార్ అన్నాడు, చూస్తే సరిపోదురా, పక్కవాడు వినాలి, వాడు తిరిగి చెప్పాలి, అప్పుడే చూసినట్టని తాతాజీ అందరిలో నిలబెట్టి షెడ్డు అదిరేలా అరిచాడు, శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

టికిరి స్టేషను దగ్గర పడుతోంది, బండి నెమ్మదించింది, పెద్ద వంపు, కిటికీలోంచి ఇంజనూ దాని ముందు సిగ్నలూ కనిపించాయి, పసుపు, ఎల్లో, అని గొంతు దానంతట అదే గరగరలాడింది, బయటి కొండలు చూస్తున్న వరహాలమ్మ తల తిప్పకుండానే, ఎల్లో, అంది, ఇన్నేళ్లూ అతను నిద్రలో సిగ్నళ్లు పలవరిస్తే పక్కలోంచి తిరిగి చెప్పింది ఆవిడే, చెప్పకపోతే ఆపడని, ఆ అలవాటు ఆవిడకి పోలేదు, అతను ఆవిడ చెయ్యి పట్టుకుని మఫ్లరు కిందికి తీసుకెళ్లాడు, గడ్డ, అన్నాడు, బండి సొరంగంలోకి దూరింది, మొహం కనిపించకపోవడం మేలే అయింది, ఊపిరంతా కూడదీసుకుని, సుట్ట మాననేదే, అన్నాడు, చీకట్లో ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి, తీసేస్తుందనుకున్నాడు, తియ్యలేదు, గడ్డ, అంది, ఆ తరవాత, సుట్ట, అంది, వెలుగొచ్చాక అతని వైపు చూడకుండానే, రేపు డాక్టరుకి నాను సెప్తాను, అంది, సిగ్గు ఎక్కడికీ పోలేదు, గడ్డ పక్కనే ఉంది, కానీ ఇన్నేళ్లూ తను గొంతు చించుకున్నది సిగ్నలు కోసం కాదు, అదెలాగూ పసుపుగానే ఉంటుంది, పక్కన కూర్చున్న మనిషి కోసం.