భుజం తట్టేదాకా

గురవయ్య ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారని దోర్నాల చుట్టుపక్కల ఊళ్ళలో ఒక వేళాకోళం ఉండేది. ఒకరు పెళ్ళాం చెంచమ్మ. రెండోది తుపాకి. ఈ మాట పుట్టించింది ఎవరో కాదు, చెంచమ్మే. మొదటి జర్మనీ యుద్ధంలో సముద్రాలు దాటి బస్రా దాకా పోయి ప్రాణాలతో తిరిగొచ్చిన మొగుడు, పటాలం వాళ్ళు పాతబడిందని తీసేసిన తుపాకిని అక్కడి దొర సిఫారసుతో కొనుక్కుని, పంట కాపలాకని లైసెన్సు రాయించుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. సవతిని తెచ్చాడని ఆవిడ ఆ రోజే తీర్మానించేసింది.

సవతే గాని, దాని చాకిరీ అంతా చెంచమ్మదే. కాల్చిన ప్రతిసారీ గొట్టంలో మరిగే నీళ్ళు పొయ్యాలి, లేకపోతే లోపల తుప్పు తినేస్తుందని పటాలంలో నేర్పారట. తాగే నీళ్ళకే ఎంతో దూరం నడవాల్సిన ఎండాకాలంలో కూడా ఆయన ఒక చెంబు దానికని పక్కన పెట్టేవాడు. ఆవిడ గొణుక్కుంటూనే నీళ్ళు కాచేది, గడియ ఊడదీసి తుడిచేది, నూనె రాసేది. గడియ అంటే బోల్టు. తలుపు గడియలాగే పైకి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. ఊళ్ళో మిగతావన్నీ మందు కూరి కాల్చే నాటు తుపాకులు. గడియ తుపాకి ఇదొక్కటే. అడవి అంచున ఉన్న జొన్న చేలన్నిటికీ అదే దిక్కు. పందులు దిగాయని ఎవరు కేకేసినా గురవయ్య అన్నం ముందునుంచి లేచి పోయేవాడు. ఊరు ఆయన్ని గౌరవించేది అందుకే, ఆయన తలెత్తుకు తిరిగేదీ అందుకే. ఎన్ని సూటిపోటి మాటలన్నా చెంచమ్మకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆ యేడు జొన్న పాలు పోసుకునే రోజుల్లో, పొద్దు వాలుతుండగా, చేను అంచున నల్లగా ఏదో కదిలిందని గురవయ్య కాల్చాడు. పంది కాదు. గొర్రెలు కాసే ఆదినారాయణ గొంగడి. అతను చేతికర్ర నేలలో పాతి, దానిమీద గొంగడి వేసి, నీళ్ళు తాగడానికి వాగులోకి దిగాడు. గొల్లవాళ్ళకు అది అలవాటే. గొంగడి కనిపిస్తే కాపరి ఉన్నాడనుకుని గొర్రెలు అక్కడే మేస్తాయి. ఈ కిటుకు గురవయ్యకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ కాల్చాడంటే, కంటికి ఆనలేదన్నమాట.

ఆదినారాయణ చిల్లుపడ్డ గొంగడి తెచ్చి గడపలో పెట్టాడు.

"అందులో నేను లేను గాబట్టి సరిపాయె మామా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. గురవయ్య ఆ పూట ముద్ద ముట్టలేదు. కుడికంటికి పొర కమ్మి చాన్నాళ్ళయిందనీ, బయటపడితే తుపాకి పోతుందని దాచాననీ పెళ్ళాం దగ్గర ఒప్పుకున్నాడు. లైసెన్సు కొత్త చేయించడానికి మార్కాపురం పోయినప్పుడు తుపాకి అక్కడే అప్పజెప్పి వచ్చేస్తానన్నాడు.

సవతి పీడ విరగడవుతుందని చెంచమ్మ సంతోషించాలి. అదేం చిత్రమో, ఆ మాట ఆవిడకు రుచించలేదు. తుపాకి గోడకు ఆనించేసిన నాలుగు రోజుల్లోనే మనిషి ముసలివాడైపోయాడు. పందులు పడ్డాయని కేక వినబడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు చూడలేకపోయింది ఆవిడ.

ఒక ఉదయం ఆయన్ని చేను గట్టుకు లాక్కుపోయి, కుడికన్ను తన అరచేత్తో మూసి, కొండ మొదట్లో మేసే మేకల్లో తెల్లదేది, కర్రిదేది, కొమ్ము విరిగినదేది అని అడిగింది. ఎడమకన్ను అన్నీ సరిగ్గా చెప్పింది. అయితే ఎడమ భుజాన పెట్టి కాల్చమంది. ఆయన చాన్నాళ్ళకు నవ్వాడు. గడియ ఉండేది కుడిపక్కన, ఎడమ భుజాన పెడితే చెయ్యి పైనుంచి తిప్పి లాగాలి, గురి చెదిరిపోతుంది, మళ్ళీ సర్దుకునేలోగా పంది శ్రీశైలం చేరుకుంటుంది అన్నాడు.

"గడియ నేను లాగుతా. ఇన్నేండ్లు దాన్ని కడిగింది ఎవురు?" అంది చెంచమ్మ.

ఆ మాట మీద ఇద్దరూ కుదిరారు. ఆయన ఎడమ భుజాన ఆనించి గురి పట్టడం, ఆవిడ కుడిపక్కన కూచుని గడియ వెయ్యడం. ఓటి కుండలు గట్టుమీద పెట్టి సాధన చేశారు. అయితే చెంచమ్మ ఒక షరతు పెట్టింది.

"ఎదురుగా మనిషి గాని గొడ్డు గాని లేదని నేను చూస్తా. చూసి నీ బుజం తడతా. తట్టిందాక ఏలు ఆడకూడదు."

గురవయ్య ఆవిడ చేతిలో చెయ్యి వేశాడు. ఆ గొంగడి ఇద్దరి నిద్రా చెడగొట్టింది మరి.

లైసెన్సు కోసం ఇద్దరూ మార్కాపురం పోయేసరికి, అక్కడి డిప్యూటీ తాసిల్దారు రంగనాయకులు గారి చెవిన గొంగడి సంగతి ముందే పడింది. మంచివారే, కాని కాగితంలో ఉన్నదే లోకమనుకునే రకం. ఊరి బయట పలకల గని దగ్గర, రాతి చెత్త పోసిన దిబ్బ ముందు ఒక పలక నిలబెట్టించి, కొట్టి చూపించమన్నారు. తగిలితే లైసెన్సు, తగలకపోతే తుపాకి ఇక్కడే. చెంచమ్మ పక్కన కూచోబోతే చూడ్డానికొచ్చినవాళ్ళు పకపకా నవ్వారు. రంగనాయకులు గారు నవ్వలేదు గాని, లైసెన్సు ఒక్క మనిషి పేరున ఉంది కాబట్టి ఆవిడ దూరంగా నిలబడాలన్నారు. ఆవిడ పోయి జనంలో నిలబడింది.

అయినా ఆవిడకు దిగులు లేదు. ఒక్క తూటాయే కదా, గడియ ఆయనే ముందుగా వేసుకోగలడు. ఆ ఎడమకంటికి పలక ఏపాటి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది.

గురవయ్య గడియ వేసుకున్నాడు. ఎడమ భుజాన ఆనించి గురి పట్టాడు. పట్టి, అట్లాగే ఉండిపోయాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కానివ్వమన్నారు రంగనాయకులు గారు. మొగుడు దేనికోసం ఆగాడో చెంచమ్మకు అప్పుడు అర్థమైంది. నా మాటకేం గాని, కాల్చవయ్యా, కాల్చు అని లోపల్లోపలే మొత్తుకుంది.

గురవయ్య తుపాకి దించాడు. గడియ తీసి, తూటా అరచేతిలోకి తీసుకున్నాడు.

"పలక కనపడతాండాది అయ్యగారూ. దాని సుట్టూ ఏముందో నాకు తెల్దు. ఆమె బుజం తట్టకుండా కాల్చనని మాటిచ్చినా. తుపాకి మీరు తీసుకోండి."

రెండు చేతులా ముందుకు చాచాడు. ఆ తుపాకి పోతుందనే కదా, కన్ను పోయిన సంగతి పెళ్ళానికి కూడా చెప్పకుండా దాచింది ఈ మనిషి. చెంచమ్మకు కళ్ళు నిండాయి. చూపు ఆనకపోవడం ఈసారి ఆవిడ వంతయింది.

రంగనాయకులు గారు తుపాకి అందుకోలేదు. కాసేపు దానికేసి, కాసేపు ఆయన మొహంకేసి చూసి, చెంచమ్మను రమ్మని చెయ్యి ఊపారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆవిడ వచ్చి కుడిపక్కన కూచుంది. కళ్ళు తుడుచుకుంది. తూటా అందుకుని పెట్టి గడియ తోసి దించింది. గురవయ్య గురి పట్టాడు. ఆవిడ పలకను చూడలేదు, దాని చుట్టూ చూసింది. దిబ్బమీద ఏమీ లేదు. అయినా దాని వెనక ఏముందో తెలీక తట్టలేదు. కాసేపటికి దిబ్బ వెనకనుంచి ఒక గంప అంచు లేచింది, ఆ తర్వాత గంప, దాని కింద మనిషి. గనిలో పనిచేసే ఆడమనిషి, రాతిపొడి పారబొయ్యడానికి దిబ్బ ఎక్కుతోంది. రంగనాయకులు గారు గాభరాగా చెయ్యెత్తారు. ఎత్తనక్కర్లేదు. గురవయ్య వేలు కదలలేదు. ఆమె గంప వొంపి, ఈ జనమంతా ఏమిటా అని తీరిగ్గా చూసి, దిగిపోయింది. బంట్రోతు పరుగున పోయి, అటుపక్క ఎవరూ లేకుండా చూసొచ్చాడు. చెంచమ్మ తన కళ్ళతో మళ్ళీ ఒకసారి చూసుకుని, అప్పుడు తట్టింది.

పలక పగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. రంగనాయకులు గారు బంట్రోతు వీపుమీదే కాగితం పెట్టి సంతకం చేశారు. ఆవిడ పక్కన లేకుండా ఈ తుపాకి పేల్చరాదని ఒక ముక్క చేర్చి, అది పైకి చదివారు. ఇక లేచి వెళ్ళవచ్చన్నారు.

చెంచమ్మకు అదేమీ వినపడలేదు. ఆవిడ చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది. అది తీసేదాకా గురవయ్య కూడా లేవలేదు.