ఆరని పాలు

ముసలి డ్రైవరు కునుకు తీసి పెరట్లోకి వచ్చేసరికి, తొట్టెలోని పచ్చిగా తినే ఆరు పొట్టి లెట్యూస్ ఆకుకూర మొక్కలకూ చుట్టూ ఉండే ఆకులు లేవు. నడిమి చిగుళ్లు మాత్రం మిగిలాయి. అలా కోస్తే మళ్లీ పెరుగుతాయని కోడలికి నేర్పింది ఆయనే. కోసిన చోట తెల్లటి పాలు ఇంకా ఆరలేదు.

ఆ మొక్కలకే ఆయన పురుగు పట్టిందని మధ్యాహ్నం మందు కొట్టాడు. వారం దాకా ఆకు ముట్టొద్దని కోడలికి చెప్పాలనుకుంటూనే నడుం వాల్చాడు.

పడుతూ లేస్తూ వంటింట్లోకి పరుగెత్తాడు. ఏడో నెల కడుపుతో ఉన్న కోడలి ముందు పళ్లెం ఖాళీగా ఉంది.

"ఎన్ని తిన్నావమ్మా?"

"అన్నీ లాగించేశా మావయ్యా! మీకు మిగల్చలేదని అలుగుతారా ఏంటి?" అని నవ్వింది. "ఆకలికి కడిగే ఓపిక కూడా లేకపోయింది. ఎండకేమో, కాస్త చేదెక్కాయి."

"ఎండ కాదు తల్లీ... నేను మందు కొట్టాను."

నవ్వు ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ కడుపు మీదకు వెళ్లాయి.

"లే, ఆసుపత్రికి పోదాం" అంటూ ఆమెను కారు దగ్గరికి నడిపించాడు. నలభై ఏళ్లు లారీ నడిపిన చేతులవి. తాళంచెవి మూడుసార్లు జారి కింద పడింది. మూడోసారి కష్టంగా వంగి దాన్ని తీసిచ్చింది కోడలే.