కారాల్సిన గొట్టం

చలికాలం ఇళ్లను వేడి చేసే బాయిలర్లలో రెయినో లాహ్తికి తెలియనిది డులూత్ ఊళ్లో లేదట. ఈ మాట ఊరు అనలేదు, రెయినోయే అన్నాడు, నలభై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆయన దగ్గర ఆరేళ్లు పైపులు మోసి, బిగించి, తిట్లు తిన్న కూతురు ఇర్యాకు ఇప్పుడు ఆయన సంతకం ఒకటి కావాలి. అది లేనిదే లైసెన్సు పరీక్షకు కూర్చోనివ్వరు.

"మోయెన్ టీచరమ్మ ఇంట్లో బాయిలర్ నువ్వొక్కదానివే పెట్టు. చూసి, నచ్చితే పెడతా సంతకం," అన్నాడు.

కొండ మీద టీచరమ్మ ఇల్లు. ఏడు చిన్న గదులు, ఏ గదికా గది విడిగా వేడెక్కే ఏర్పాటు. కొద్ది నీళ్లు పట్టే, గోడకు తగిలించే బాయిలర్ అక్కడ పెడితే, ఒక్క గది వేడి అడిగినప్పుడల్లా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగి నాలుగేళ్లలో చస్తుంది. అందుకని ఇర్యా పాతిక గాలన్లు పట్టే పెద్దదాన్ని ఎంచింది. పొగలో పోయే వేడిని కూడా పిండుకుని, అందులోని ఆవిరిని నీళ్లు చేసి, కింద తెల్ల గొట్టంలోంచి బొట్టుబొట్టుగా వదిలే రకం అది.

బిగించడం అయ్యాక, సోమవారం రెయినో ఒక్కడే వెళ్లి చూసొచ్చాడు. కాఫీలో ఏలకుల రొట్టె ముంచుకుంటూ తీర్పు చెప్పాడు.

"కారుతోందే నీ నీళ్ల పీపా."

"ఎక్కడ నాన్నా?"

"అదీ నేనే చెబితే ఇంక నువ్వేం నేర్చుకున్నట్టు? నా చేతి బాయిలర్ ఎప్పుడైనా ఒక్క చుక్క కార్చిందా? సంతకం లేదు, గింతకం లేదు. ఇంకో ఏడాది పైపులు మొయ్యి."

ఇర్యాకు ఆ పూట తిండి సయించలేదు. ప్రతి జాయింటునూ మనసులో మళ్లీ బిగించి చూసుకుంది. తప్పు తనదేనేమోనని భయపడింది కూడా. ఆయన మాట మీద ఆమెకు ఇంకా అంత గురి.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఫోన్ చేసింది. బాయిలర్ ఆగిపోయింది. బయట చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద.

"చెప్పానా!" అంటూ రెయినో పెళ్లికి బయల్దేరినట్టు వ్యాన్ ఎక్కాడు.

టీచరమ్మ కోటు మీద దుప్పటి కప్పుకుని బేస్‌మెంట్‌లో నిలబడి ఉంది. ఇర్యా టార్చి వేసి జాయింట్లన్నీ తడిమింది. అన్నీ పొడిగానే ఉన్నాయి. తర్వాత కిందున్న తెల్ల గొట్టం చూసింది. దాని మూతికి బిరడా ఉంది. ఊరికే కాదు, జిగురు పూసి మరీ బిగించారు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు రెయినో ఛాతీ విరుచుకుని. "నీ లీకు ఆపింది నేనే. ఇంకెక్కడ చెడగొట్టావో చూసుకో."

ఇర్యా ఆయన వంక చూసింది. నలభై ఏళ్ల అనుభవమట! పాత ఇనప బాయిలర్ కారితే దాని పని అయిపోయినట్టే, నిజమే. కానీ దీనితో పాటు వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఆ గొట్టం బొమ్మ ఉంది. పుస్తకం విప్పితే పరువు పోతుందనుకునే మనిషాయె.

రంపం తీసి గొట్టం కోసింది. బయటికి దారిలేక లోపల నిండి మంటను ఆపేసిన నీళ్లు భళ్లున ఆయన బూట్ల మీద పడ్డాయి. మీట నొక్కగానే బాయిలర్ అంటుకుంది.

"అది కారాలి నాన్నా. కారితేనే పని చేస్తున్నట్టు."

"నా క్లాసులోనూ ఇంతేరా నువ్వు," అంది టీచరమ్మ దుప్పట్లోంచే. "ప్రశ్న చదవకుండానే జవాబు రాసేవాడివి."

రెయినో మొహం కందగడ్డయింది. "ఏదీ ఆ కాగితం?" అని లాక్కుని, బాయిలర్ మీదే పెట్టి సంతకం గీకాడు. "ఈ సంగతి కాఫీ కొట్లో అనకు," అని గొణిగాడు.

ఇర్యా కాగితం చూసుకుంది. ఆ సంతకం కోసమే ఆరేళ్లు తిట్లు మింగింది. సంతోషం వస్తుందేమోనని చూసింది, రాలేదు. నిన్న ఈ మనిషి మాటకు బెదిరి తిండి మానేసినందుకు తన మీదే ఏవగింపు పుట్టింది.

"వ్యాన్ తాళాలు ఇటివ్వు," అంది. "ఆ నీళ్లు తుడిచేసి రా."