యేసుబాబు తాగిన ద్రాక్షారసం

సోమశిల గేట్లు ఎత్తేస్తే పెన్న ఊళ్ల మీదికి వచ్చిన వరద ఉందే, దాని మరుసటి ఏడు జరిగిందిది.

మా చెల్లెలు రెబెకమ్మ మొగుడు యేసుబాబు పెళ్లిళ్లకు వంట చేస్తాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా మాంసం వండాలంటే అతనే. తాగుడు వల్ల మా చర్చి సంఘం అతన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టింది. ఆరాధనలో అందరికీ రొట్టె, ద్రాక్షారసం అందుతుంటే అతను వెనక బెంచీలో తల వంచుకొని కూర్చునేవాడు. వరద నాటి నుంచి చుక్క ముట్టలేదు. వచ్చే ఆదివారం మళ్లీ బల్లలో చేర్చుకుంటామని పాస్టరు గారు చెప్పారు. సంఘ పెద్దగా లేచి సాక్ష్యం చెప్పాల్సింది నేను. చెల్లెలు తెల్లచీర ఉతికి గంజి పెట్టుకుంది.

ఆ ఆదివారానికి ముందురోజు రాజమోహన్ మా ఇద్దరినీ పిలిపించాడు. నెల్లూరాయన. ఉదయగిరి కొండ కింద మెట్ట చేలో నల్లద్రాక్ష వేసి ఎర్ర వైన్ తీశాడు. ఈ పక్క నేలలో వైన్ పుట్టడం అదే మొదలు. రుచి చూడడానికి బెంగళూరు హోటళ్ల వాళ్లు ఆత్మకూరు రోడ్డులోని ఆయన బంగళాకు వచ్చారు. ఏ కూరతో ఆ వైన్ కుదురుతుందో తేల్చాలి. వంట యేసుబాబుది. నేను చెక్కిన కొయ్య గరిటెలు, గిన్నెలు తీసుకుపోయాను.

కార్జం వేపుడు, నిప్పుల మీద కాల్చిన పొట్టేలు మాంసం, చేపల పులుసు, తలకాయ కూర పెట్టాడు. వాళ్లు ఒక ముద్ద తిని, గ్లాసు తిప్పి వాసన చూసి, ఒక గుక్క తాగారు. పులుసుతో వైన్ చేదెక్కిందని ఒకామె మొహం చిట్లించింది. వండినవాడు తాగి చూడకపోతే ఇట్లాగే ఉంటుందని ఇంకొకాయన అన్నాడు.

రాజమోహన్ గ్లాసులో పోసి చాపాడు. యేసుబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మానేశానని, రేపు బల్ల ఉందని మెల్లగా చెప్పాడు.

"రేపు చర్చిలో ఏం పోస్తార్రా నీకు?"

"ద్రాక్షారసం సార్."

"మరి ఇదేంది? సీసా మీద చదువు."

సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో అదే మాట ఉంది. మేము బల్ల కోసం ద్రాక్షపండ్లు ఉడకబెట్టి, చక్కెర వేసి వడగట్టేదాన్నీ అదే మాటతో పిలుస్తాం.

వదిలేయమని నేనన్నాను. గరిటెల మనిషివి నీకెందుకన్నాడు రాజమోహన్. అందరూ నవ్వారు. ఒకామె ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది.

కూర మారినప్పుడల్లా ఒక గుక్క తాగించారు. కార్జంతో బాగుందన్నాడు యేసుబాబు. పొట్టేలుతో ఇంకా బాగుందన్నాడు. పులుసులో చింతపండు తగ్గించాలన్నాడు. చప్పట్లు కొట్టారు. తలకాయ కూర అయ్యాక పోయడం ఆపేశారు. అతనే ఖాళీ గ్లాసు చాపాడు.

"ఇంకొకసారి చూడాల సార్. సరిగ్గా తెలియలా."

రాజమోహన్ సీసాను అందీ అందనట్టు పైకెత్తి, కుక్కకు బొమిక చూపించినట్టు చూపించాడు. యేసుబాబు మునికాళ్ల మీద లేచాడు. వాళ్లు కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

తిరుగు బస్సులో అతను చాలాసేపు కిటికీకి తల ఆనించుకొని కూర్చున్నాడు.

"బావా, అది ద్రాక్షారసమే గదా."

నేను గరిటెల సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"రేపు చెప్పబాకు బావా. రెబెక చచ్చిపోతాది."

తెల్లారి యేసుబాబు ముందు బెంచీలో కూర్చున్నాడు. ఆడవాళ్ల వరసలోంచి చెల్లెలు నన్ను చూసి నవ్వింది. ఈ సహోదరుడు తాగుడు మానేశాడా అని పాస్టరు గారు నన్ను అడిగారు. లేచాను.

"నిన్న తాగినాడు."

"ఏం తాగినాడు మాల్యాద్రన్నా?"

"ద్రాక్షారసం."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. తర్వాత చర్చంతా నవ్వింది, చెల్లెలు తప్ప. ప్రార్థన అయ్యాక చిన్న కప్పుల పళ్లెం తీసుకొని ముందు బెంచీ నుంచి పంచుకుంటూ వచ్చాను. యేసుబాబు చెయ్యి చాపాడు. పళ్లెం అతని తల మీదుగా ఎత్తి, అవతలి మనిషికి అందించాను.